ఎక్కడివక్కడ

మా ఇంట్లో దువ్వెన దొరికిన రోజు పండగే. ఫ్రిజ్ మీద దొరికేది, మంచం కింద దొరికేది, ఒకసారి బియ్యం డబ్బాలో కూడా దొరికింది. ఎవరు పెట్టారని ఎవరూ అడిగేవాళ్లు కారు. ముగ్గురిలో ఎవరైనా పెట్టి ఉండవచ్చు. నేను మందుల షాపులో పని చేసేదాన్ని. అక్కడ ఏ మాత్ర ఏ అరలో ఉందో చూడకుండా తీసి ఇవ్వగలను. ఆ పద్ధతంతా సాయంత్రం షట్టరు దించేటప్పుడు షాపులోనే వదిలేసి వచ్చేదాన్ని. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. బస్సు అద్దం మీద ఈగ వాలితే సహించేవారు కారు, ఇంట్లో మాత్రం విప్పిన చొక్కా విప్పిన చోటే. ఇక మా అమ్మాయి సంగతి సరేసరి. రెండో తరగతి అయిపోయింది. అది ఎక్కడ కూర్చుంటే అక్కడ కాగితం ముక్కలూ, పెన్సిలు పొట్టూ, తెగిన దారాలూ గూడు కట్టినట్టు పోగయ్యేవి. అందుకే వాళ్ల నాన్న దానికి పిచ్చుక అని పేరు పెట్టారు.

పక్క వీధిలో ఉండే మా అత్తగారు వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి, "కాలు ఎక్కడ పెట్టాలో చెప్తే లోపలికొస్తాను" అనేవారు.

"గాల్లో పెట్టు నాన్నమ్మా" అనేది పిచ్చుక.

అలా ఉండేవాళ్లం. సర్దుకోవాలని ఎప్పుడూ అనుకోలేదని కాదు, అనుకుంటూనే ఉండేవాళ్లం. ఆ అనుకోవడంలోనే పదేళ్లు హాయిగా గడిచిపోయాయి.

ఎండలు ముదరకముందే, ఒక మధ్యాహ్నం ఆయన డ్యూటీ మధ్యలో ఇంటికి వచ్చేశారు. ఆ రోజు నాకు సెలవు. ఖాకీ చొక్కా మీద చెమట ఆరిపోయి తెల్లగా చారలు కట్టి ఉంది. వచ్చి కుర్చీలో ఉన్న బట్టల కుప్ప మీదే కూర్చున్నారు.

"తాళం ఇచ్చేసి వచ్చాను" అన్నారు.

"ఏ తాళం?"

"బస్సుది." చొక్కా పై గుండీ విప్పుకున్నారు. "స్టాపులో ఒకావిడ పిల్లాణ్ణి ఎత్తుకుని పక్క నుంచి పరిగెత్తుకొస్తోంది. నేను బండి కదిలించేశాను. కండక్టరు అరిస్తే ఆపాను. తల తిప్పి చూస్తే ఆవిడ బండికి జానెడు దూరంలో ఉంది."

"ఏం కాలేదు కదా?"

"ఏం కాలేదు. కనీసం తిట్టలేదు కూడా. పిల్లాణ్ణి సర్దుకుని ఎక్కింది, టికెట్ తీసుకుని కూర్చుంది. నేనే కూర్చోలేకపోయాను."

"ఒక్కోసారి చూసుకోం. అంతమాత్రానికి..."

"అదే నేనూ అనుకుంటూ వచ్చాను. కొన్నాళ్ల నుంచీ నేను సరిగ్గా చూడటం లేదేమో అనుకున్నాను. నాకు కనిపించడం లేదని అనుకోలేదు."

కంటి డాక్టరు చీకటి గదిలో కూర్చోబెట్టి చుక్కలు చుక్కలుగా వెలుగు చూపించాడు. కనిపించినప్పుడల్లా ఆయన మీట నొక్కాలి. నేను వెనక కూర్చుని చూస్తున్నాను. గోడ మీద అటూ ఇటూ, పైనా కిందా చుక్కలు వెలిగి ఆరుతున్నాయి. మీట చప్పుడు లేదు. నాకు లేచి వెళ్లి నేనే నొక్కాలనిపించింది. సరిగ్గా నడిమధ్యన వెలిగినప్పుడు మాత్రం టక్కుమంది.

గొట్టంలోంచి చూసినట్టు చూస్తున్నారు, ఆ గొట్టం ఇంకా సన్నబడుతుంది అన్నాడు డాక్టరు. కొందరికి ఏళ్లు పడుతుంది, ఈయనకి అంత పట్టేలా లేదు, ఏడాది చివరిదాకా ఉంటే ఉండవచ్చు. మందు లేదు. పై నుంచి కింది దాకా గోడంతా మందులున్న షాపులో పని చేస్తూ, ఆ మాట నమ్మడానికి నాకు చాలా రోజులు పట్టింది. బేరం లేనప్పుడు అరల వైపు చూస్తూ నిలబడేదాన్ని.

ఆయన మోకాళ్ల మీద, మోచేతుల మీద ఎప్పుడూ ఉండే కమిలిన మచ్చలకి అప్పుడు అర్థం తెలిసింది. బల్లకి కొట్టుకున్నప్పుడల్లా పిచ్చుకా నేనూ పడీపడీ నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవారు.

విషయం తెలిసిన మర్నాడే అత్తగారు కొంగు బిగించుకుని వచ్చారు. "ఇప్పటికైనా" అని మొదలుపెట్టి, మాట మింగేసి, చీపురు అందుకున్నారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఇల్లు అద్దంలా అయింది. నేల ఇంత తెల్లగా ఉంటుందని నాకే తెలియదు. ఆయన స్నానం చేసి వచ్చి గది మధ్యలో తువ్వాలుతో నిలబడ్డారు. తల అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"అమ్మా, నా చొక్కాలెక్కడ?"

"అలమరాలో నాన్నా, మూడో అరలో."

"అలమరా ఏ పక్కకి జరిపావు?"

అత్తగారు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అలమరా ముందు నిలబెట్టారు. నాలుగో రోజుకి బట్టల కుప్ప మళ్లీ కుర్చీ ఎక్కింది. అలమరా మాత్రం కొత్త చోటే ఉండిపోయింది. ఆయన దానికి మూడుసార్లు భుజం కొట్టుకున్నారు.

అప్పుడు వచ్చాడు మాస్టారు. చూపు లేనివాళ్లకి పనులు నేర్పే శిక్షణ కేంద్రం ఒకటి దూరపు ఊళ్లో ఉంది. అక్కడి నుంచి మా ఊరికి వారానికోసారి వచ్చి ఇళ్లకి వెళ్లి నేర్పుతాడాయన. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. నేను ఎదురెళ్లి పిలిచేలోపే తెల్ల కర్ర తాటిస్తూ లోపలికి వచ్చి, సగం తెరిచి ఉన్న తలుపు అంచుకి నుదురు కొట్టుకున్నాడు. తర్వాత ఒక చెప్పు, ఒక బకెట్టు, పిచ్చుక కూర్చునే స్టూలు. చివరికి కుర్చీ దొరికింది. బట్టల కుప్పని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ ఇల్లు చూశానమ్మా. బాగుంది" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వేశాడు. "ఒక్క మాట చెప్తాను. మొత్తం ఇల్లు ఒకేసారి సర్దకండి. సర్దిన ఇల్లు నాలుగు రోజులుంటుంది. అలవాటే నిలబడుతుంది. ఈ వారం ఒక్క పని చెయ్యండి. తలుపు. తీస్తే గోడకి ఆనేదాకా తియ్యండి. వేస్తే గడియ దాకా వెయ్యండి. సగం తలుపంత శత్రువు మాకు ఇంకోటి లేదు."

"అంతేనా? మరి ఈ సామానూ..."

"అంతే. సామానుకి తొందరేముంది? సారుకి ఇంకా చూపు ఉందిగా, టైముంది."

వర్షం రావడానికి ఇంకా టైముంది అన్నట్టు అన్నాడు. మాలో ఎవరూ ఆ మాట అంత మామూలుగా అనలేదు. మా ఆయన మొదటిసారి ఊపిరి పూర్తిగా వదిలినట్టు వెనక్కి వాలి కూర్చున్నారు. నేను మాత్రం టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్లి, తలుపు సగం వేసి, మళ్లీ గుర్తొచ్చి గడియ దాకా వేసి ఏడ్చాను.

అలా తలుపులతో మొదలైంది. పిచ్చుకకి సెలవులు. పనేమీ లేదు కనుక పోలీసు పని పెట్టుకుంది. "సగం తలుపు!" అని అరిచేది. తప్పు చేసినవాళ్లు అక్కడే నిలబడి కోడిలా కూయాలి. మొదటి వారం నేను కూసినంతగా ఏ కోడీ కూసి ఉండదు. తర్వాతి వారం కుర్చీ. లేచిన చేత్తోనే లోపలికి తొయ్యాలి. తర్వాత చెప్పులు, గోడ వారగా, మడమలు గోడకి ఆనేలా. తర్వాత గ్లాసు. తాగిన వెంటనే కడిగి బోర్లించాలి, బల్ల అంచున వదలకూడదు. "రేపు చేద్దాం అన్నది అలవాటు కాదమ్మా, లేచి కుర్చీ తోసినంతసేపట్లో అయ్యేదే అలవాటు" అనేవాడు మాస్టారు. "తీసిన చెయ్యే పెట్టాలి. ఇంకో చెయ్యి వస్తుందని చూడకూడదు."

మొదట్లో నా చెయ్యి నా మాట వినేది కాదు. షాపు నుంచి వచ్చి సంచీ నేల మీద పడేసేదాన్ని, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి కొక్కేనికి తగిలించేదాన్ని. కొన్నాళ్లకి రెండడుగులు ఒక అడుగైంది. ఒక రోజు చూసుకుంటే సంచీ కొక్కేనికి ఉంది, ఎప్పుడు తగిలించానో నాకే గుర్తు లేదు. దువ్వెన అద్దం పక్కన గూట్లో ఉంది, వరసగా ఎన్నో రోజులుగా అక్కడే ఉంది. దాన్ని చూస్తే నాకు ఎవరింట్లోనో ఉన్నట్టనిపించేది.

ఒకనాటి పొద్దున ఆయన కళ్లకి తువ్వాలు కట్టుకుని మంచం మీంచి లేచారు. "ఎవరూ మాట్లాడకండి" అన్నారు. వంటింట్లోకి వెళ్లారు. మేమిద్దరం మంచం మీద ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. గిన్నె చప్పుడు, కుళాయి చప్పుడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు. రెండు గ్లాసుల టీతో, ఒక్క చుక్క ఒలకకుండా తిరిగొచ్చారు. పిచ్చుక మంచం మీద ఎగిరి గంతేసింది. ఆయన తువ్వాలు విప్పకుండానే నవ్వుతూ నిలబడ్డారు, గ్లాసులు చెరో చేతిలో పట్టుకుని, మేము ఎటు ఉన్నామో కాస్త తప్పుగా అంచనా వేసి, కిటికీ వైపు చాపుతూ.

అదే వారంలో అత్తగారు వచ్చారు. ఎప్పటిలాగే గుమ్మంలో ఆగారు. నేల ఖాళీగా ఉంది. ఏమీ అనకుండా తిన్నగా నడుచుకుంటూ లోపలికి వచ్చి, వంటింట్లో బోర్లించిన గ్లాసుల వరస చూసి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"పదేళ్లు అరిచాను నీ మీద. దీనికోసం కాదే నేను అరిచింది" అన్నారు.

"తెలుసు అత్తయ్యా" అన్నాను.

ఎండలు మండిపోతున్న రోజులు. మా ఇంట్లో గాలి వచ్చేది ఒక్కచోటే, ముందు గదికీ వంటింటికీ మధ్య గుమ్మంలో. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పిచ్చుక చల్లటి నేల మీద, సరిగ్గా ఆ గుమ్మానికి అడ్డంగా బోర్లా పడుకుని బొమ్మ వేసుకుంటోంది. మాట్లాడితే గీత వంకర పోతుందని నోరు మూసుకుని వేస్తోంది. నేను మంచం మీద బట్టలు మడత పెడుతున్నాను. ఆయన కుర్చీలోంచి లేచారు. కుర్చీని బల్ల కిందికి తోశారు. మంచినీళ్లకని వంటింటి వైపు నడిచారు. ఆ నడక నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. చేతులు ముందుకి చాపలేదు, గోడ పట్టుకోలేదు. పూర్వం బస్సు దగ్గరికి నడిచినట్టు నడిచారు. ఇల్లు మాట తప్పదన్న నమ్మకం ఆ నడకలో.

నేను తలెత్తేసరికే ఆయన కాలు పిచ్చుకకి తగిలింది. నిలువునా పడిపోయారు. గడప అంచుకి గడ్డం కొట్టుకుంది. ఆయన మోకాలు దాని చేతి మీద పడింది.

రక్తం ఆయన గడ్డం నుంచి నేల మీదికి కారుతోంది. ఆయన అది పట్టించుకోకుండా రెండు చేతులతోనూ నేలంతా తడుముతున్నారు. "ఎక్కడ తగిలిందమ్మా? ఎక్కడ? ఎక్కడున్నావు?"

పిచ్చుక గోడకి జారగిలబడి, చెయ్యి పొట్టకి అదుముకుని ఉంది. ఏడవలేదు. మొహం పాలిపోయింది.

"సారీ నాన్నా" అంది. "నేను నా చోట్లో లేను."

ఆస్పత్రిలో ఆయన గడ్డానికి కుట్లు వేశారు. దాని చేతికి ఎముక విరగలేదు, వాచిందంతే, గుడ్డ వేలాడదీసి మెడకి కట్టారు. దారిలో ఆటోలో ఆయన దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నీ తప్పేం లేదు, నాదే, నేనే చూసుకోవాలి" అని పది రకాలుగా చెప్పారు. అది అన్నిటికీ తలూపింది. ఆయనకి ఆ తలూపడం కనిపించలేదు. అందుకని మళ్లీ మళ్లీ చెప్పారు.

మర్నాటి నుంచి అది తనకో చోటు చూసుకుంది. కిటికీ దగ్గర మంచం మూల. కాళ్లు పైకి ముడుచుకుని అక్కడ కూర్చునేది. లేవాల్సి వస్తే ముందుగా చెప్పేది, "నాన్నా, నేను వంటింట్లోకి వెళ్తున్నాను." తిరిగొచ్చాక, "నాన్నా, వచ్చేశాను." కొన్నాళ్లకి ఆ మాటలూ తగ్గాయి, లేవడమే తగ్గింది కనుక. రంగు పెన్సిళ్లు పెట్టెలోకి వెళ్లాయి, పెట్టె అరలోకి వెళ్లింది. వీధిలో పిల్లలు కిటికీ కింద నిలబడి పిలిస్తే, "చెయ్యి నొప్పి" అనేది. చెయ్యి ఎప్పుడో మానింది.

"ఏమే, వెళ్లి ఆడుకోరాదూ?" అన్నాను ఒకసారి.

"ఇక్కడ బానే ఉందమ్మా."

"పోనీ బొమ్మలు వేసుకో. కింద కూర్చుని వేసుకో, నేను ఇక్కడే ఉంటాను కదా."

"వద్దమ్మా. తీస్తే మళ్లీ పెట్టాలి" అంది.

ఆయన ఆ రోజుల్లో మాస్టారితో వీధిలో కర్ర పట్టుకుని నడవడం నేర్చుకుంటున్నారు. ఒకనాటి సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే తిరిగొచ్చారు. చెప్పులు గోడ వారగా పెట్టారు. కర్ర మూలకి ఆనించారు. కుర్చీలో కూర్చుని మొహం తుడుచుకుంటూ, "పిచ్చుక ఏది? ఇంకా బయటే ఆడుతోందా?" అన్నారు.

నేను మంచం మూలకి చెయ్యి చూపించాను. చూపించాక తెలిసింది, చెయ్యి చూపిస్తే లాభం లేదని.

"ఇక్కడే ఉన్నాను నాన్నా" అంది అది. ఆయన కుర్చీకి బారెడు దూరం కూడా లేదు.

"ఎప్పుడొచ్చావు?"

"ఎక్కడికీ వెళ్లలేదు."

ఆయన మెల్లగా తల తిప్పారు. చూపుతోనే కిటికీ ఊచలు వెతికి, పరదా వెతికి, మంచం అంచు పట్టుకుని, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా దాని మోకాళ్ల దాకా వచ్చారు.

"కాళ్లు ఎందుకమ్మా అలా పైకి ముడుచుకున్నావు?"

"నీకు తగలకుండా."

ఆయన చాలాసేపు తువ్వాలు మడత పెట్టారు. మడత పెట్టిన తువ్వాలు విప్పి మళ్లీ పెట్టారు. తర్వాత, "కాస్త టీ ఇస్తావా" అన్నారు నాతో.

మర్నాడు పొద్దున నేను గిన్నెలు తోముతుంటే పక్కన వచ్చి నిలబడ్డారు. తోమినవి అందుకుని తుడిచి బోర్లిస్తూ, "కేంద్రంలో కొత్త బ్యాచి సెలవులయ్యాక మొదలవుతుందట. చేరతానని మాస్టారికి చెప్పాను" అన్నారు.

ఆ కేంద్రంలో చేరితే అక్కడే ఉండాలి. చలికాలం దాకా ఇంటికి పంపరు. నేర్చుకుని వస్తే, బస్టాండులో మైకులో బస్సుల వివరాలు చెప్పే పని ఇస్తామని డిపోలో అన్నారు. అవన్నీ నాకు తెలుసు. ఆ తర్వాతి బ్యాచి ఏడాది తర్వాత ఉందని కూడా తెలుసు.

"ఇప్పుడెందుకు?" అన్నాను. "డాక్టరు ఏమన్నారు? ఏడాది చివరిదాకా ఉండొచ్చన్నారు కదా. ఉన్న ఆ కాస్త చూపూ ఎవరినో చూస్తూ పోగొట్టుకుంటారా? పిల్లని చూసుకోండి. నన్ను చూడకపోయినా ఫరవాలేదు, దాన్ని చూసుకోండి. వచ్చే ఏడాది వెళ్లండి."

"చూపున్నన్నాళ్లూ నేను దాన్ని చూస్తూ కూర్చుంటాను. పోయిన రోజు నుంచీ అది నన్ను చూస్తూ కూర్చోవాలి."

"మేం చూసుకోలేమా?"

"అదే నా భయం." గ్లాసు తుడుస్తున్న చెయ్యి ఆగింది. "ఇల్లు సర్దుకుంది, బాగుంది అనుకున్నాను. నువ్వు సర్దుకున్నావు, పెద్దదానివి, నా ఖర్మలో సగం నీదే అనుకున్నాను. కానీ అది కూడా సర్దుకుందే. ఎనిమిదేళ్ల పిల్ల, కుర్చీ లోపలికి తోసినట్టు తనని తాను తోసేసుకుంది."

కుళాయి అలా పారుతూనే ఉంది. కట్టాలని ఇద్దరికీ తోచలేదు.

"అడ్డంకులున్న చోట నడవడం నేర్చుకుని వస్తాను" అన్నారు. "సంతలో నడుస్తాను, రోడ్డు మీద నడుస్తాను. అప్పుడు అది ఏ గుమ్మంలో కావాలంటే ఆ గుమ్మంలో పడుకోవచ్చు."

నేను వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే బట్టలు సర్దాను, ఏ చొక్కా ఏ మడతలో ఉందో చేతికి తెలిసేలా.

బడులు తెరవడానికి ముందు ఒక మబ్బు పట్టిన పొద్దున బస్టాండుకి వెళ్లాం. ఆ మధ్యాహ్నం స్టాపులో అరిచి బస్సు ఆపించిన కండక్టరు ఉన్నాడు కదా, ఆయనే ఎక్కించడానికి వచ్చాడు. డ్రైవరు వెనక సీటు పట్టి, పెట్టె సీటు కింద పెట్టి, "అన్నా, అంతా రెడీ" అని చెప్పి కాస్త దూరంగా వెళ్లి నిలబడ్డాడు. అత్తగారు కొడుకు వీపు నిమురుతూనే ఉన్నారు.

ఆయన ప్లాట్‌ఫాం మీద వంగి పిచ్చుక భుజాలు పట్టుకున్నారు. దాని మొహంలోకి చూశారు. కళ్లు చికిలించారు. మళ్లీ చూశారు.

"దగ్గరుంటే ముక్కొక్కటే వస్తోందే" అన్నారు. "కాస్త వెనక్కి జరుగు."

అది ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆఁ, ఇప్పుడు మొహం వచ్చింది. ఇంకాస్త."

"ఇక్కడా?"

"ఇంకాస్త."

వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకుంటూ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ వెళ్లింది. పెట్టెలు మోసేవాళ్లు, చంటిపిల్లలతో ఆడవాళ్లు, మూటలు మోసుకుంటూ మగవాళ్లు మధ్యలో అడ్డొస్తున్నారు, వెళ్తున్నారు. "ఇక్కడా నాన్నా?" అని ప్రతిసారీ కాస్త గట్టిగా అరవాల్సి వచ్చింది. చివరికి అవతలి గోడకి వీపు ఆనింది. ఇంక వెళ్లడానికి చోటు లేదు.

"అక్కడే! అక్కడే ఉండు. జడల నుంచి చెప్పుల దాకా మొత్తం వచ్చావు."

అది ఫొటోకి నిలబడ్డట్టు చేతులు రెండూ పక్కకి పెట్టుకుని నిలబడింది. ఆయన చూస్తూ నిలబడ్డారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆ సన్నటి గుండ్రంలో నేను లేను. ఉండాలని కూడా అనిపించలేదు. డ్రైవరు ఒకసారి హారన్ మోగించాడు, పాత సహోద్యోగి కదా, చాలా నెమ్మదిగా. ఆయన కదల్లేదు. రెండోసారి మోగించాక వెనక్కి తిరిగి, కమ్మీ తడిమి పట్టుకుని ఎక్కారు.

బస్సు మలుపు తిరిగింది. పిచ్చుక చెయ్యి ఊపలేదు. కదిలితే గుండ్రంలోంచి పోతానని అనుకుందేమో, గోడకి అలాగే అంటుకుని ఉంది. బస్సు పొగ కూడా పోయాక నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురావలసి వచ్చింది.

ఇంటికి వచ్చాక, "ఇంక ఎవరికీ తగలవు. నీ ఇష్టం వచ్చినట్టు ఇల్లంతా పరుచుకో" అన్నాను. రంగు పెన్సిళ్ల పెట్టె నేనే తీసి నేల మీద బోర్లించాను. అది కింద కూర్చుంది. కాసేపు ఏదో గీసింది. నేను వంట చూసుకుని వచ్చేసరికి పెన్సిళ్లు పెట్టెలో, పెట్టె అరలో ఉన్నాయి.

"ఎందుకే తీసేశావు? ఉండనీయకూడదూ?"

"ఉంచుదామనే అనుకున్నానమ్మా. చెయ్యి ఊరుకోవట్లేదు."

వానలు పడ్డాయి, వెనకబట్టాయి. ఆయన వారానికోసారి ఫోన్ చేసేవారు. కేంద్రం గోడలు పచ్చరంగట, పక్క మంచం మీదాయన చొక్కాకి అన్నీ వేరు వేరు గుండీలట, కిటికీ బయట చెట్టు మీద కాకి గూడు పెట్టిందట. ఒక్కో వారం కనిపించినవన్నీ చెప్పేవారు. ఒక వారం అవేమీ చెప్పలేదు. "ఇవాళ పొద్దున లైటు వేశారో లేదో పక్కాయన్ని అడగాల్సి వచ్చింది" అన్నారు. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. పిచ్చుక నా మొహం చూసి, వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది.

చలికాలంలో తిరిగొచ్చారు. బస్టాండు నుంచి ఒంటరిగా, కర్రతో, సంత మధ్య నుంచి నడిచి వచ్చారు. తోడు రావద్దన్నారు. గుమ్మంలో కర్ర తాటించి, ముందు గదంతా తిరిగారు, వంటింట్లోకి వెళ్లారు, తిరిగొచ్చారు. మొహంలో ఏదో వెతుకులాట.

"ఏమిటే, ఒక్కటీ తగలదు?" అన్నారు.

నేను కుర్చీ లాగి ఇచ్చాను.

పిచ్చుక వచ్చి ఆయన మోకాళ్ల దగ్గర నిలబడింది. చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. ఎన్నాళ్లుగానో దాచుకున్నట్టు అడిగింది.

"నాన్నా, అన్నిటికంటే చివర ఏం కనిపించింది?"

"నువ్వే" అన్నారు వెంటనే. "బస్టాండులో, గోడ దగ్గర."

పిచ్చుక నా వైపు చూసింది. ఆ తర్వాత చూసిన పచ్చగోడలూ, గుండీలూ, కాకి గూడూ ఫోనులో అదీ వింది. నేను కాదనలేదు. అదీ కాదనలేదు.

"మొత్తం కనిపించానా?"

"మొత్తం. ఎడమ జడ కుడిదాని కంటే పొట్టిగా ఉంది."

ఆ పొద్దున దానికి జడలు వేసింది నేను. ఆ హడావుడిలో రెండూ సమంగా రాలేదు. మళ్లీ విప్పి వేసేంత టైము లేక అలాగే తీసుకెళ్లాను. బస్టాండులో ఎవరూ చూడలేదనుకున్నాను.